రేడియో తాత ఓటములు

ఆ రోజు రేడియో తాత చేసిన ఆఖరి పని ఆరిన బట్టలు మడతపెట్టడం. వాన వచ్చేలా ఉందని బాల్కనీలో తీగ మీంచి అన్నీ లాగేసి మంచం మీద కుప్ప పోశాడు. అల్లుడి యూనిఫాం చొక్కాలు ఒక దొంతర, కూతురి తెల్లకోట్లు ఒక దొంతర, మనవరాలి గౌన్లు ఒక దొంతర. గౌన్లకి గుండీలు కూడా పెట్టాడు, దుకాణంలో అమ్మకానికి పెట్టినంత ముద్దుగా. మేజోళ్ళకి జతలు వెతికి ముడిపెట్టాడు. ఆ తర్వాత దొంతరల పక్కనే కాస్త నడుం వాల్చాడు.

సాయంత్రం కూతురు తాళం తీసుకుని లోపలికి వచ్చేసరికి బట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయనా అక్కడే ఉన్నాడు, ఒకపక్కకి తిరిగి, గౌన్లు జారిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. “లే నాన్నా, టీ పెడుతున్నా” అంటూ ఆమె వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. “పంచదార వెయ్యనా, మానేశావా?” అని అక్కణ్ణుంచే అడిగింది. జవాబు రాకపోతే ఒళ్ళు మండింది. కొన్ని నెలలుగా తండ్రి ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు, ఇదీ అందులో భాగమే అనుకుంది. నీళ్ళు మరిగి సగమయ్యాక గానీ ఆమె వెనక్కి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. కుర్రతనంలో రేడియో అబ్బాయి, నడివయసులో రేడియో మాస్టారు, జుట్టు నెరిశాక రేడియో తాత. ఇళ్ళల్లోంచి రేడియోలు మాయమైపోయినా ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆయన కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద ఉండేది. లోపల నిలబడితే నెత్తికి మెట్టు తగిలేది. “ఎంత గొప్పవాడైనా నా దగ్గరికి తల వంచకుండా రాలేడు” అని నవ్వేవాడు. జనం చచ్చిపోయిన రేడియోల్ని తువ్వాళ్ళలో చుట్టి, జ్వరం వచ్చిన పసిపిల్లల్ని తెచ్చినట్టు తెచ్చేవాళ్ళు. ఆయన వెనక మూత విప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాసేపు ఊరికే చూసేవాడు. “ఏమే, మొండికేశావా?” అని రేడియోనే అడిగేవాడు. తర్వాత సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేది, సన్నటి పొగ లేచేది, ఎక్కడో ఒక చుక్క సీసం పడేది, బరబరమంటూ మాటలు మొదలయ్యేవి. డాక్టరుకి ఉండాల్సిన హస్తవాసి ఈయనకి పట్టిందని అందరూ అనేవాళ్ళు. “అవును, రేడియోకి రొంప పడితే అన్నం మాని కూర్చుంటాడు, నాకు దగ్గొస్తే మందుల కొట్టుకి పొమ్మంటాడు” అని ఆయన భార్య సాగదీసేది.

కూతురు బడి నుంచి తిన్నగా ఆ మెట్ల కిందికే వచ్చేది. ఆమెకి బొమ్మలు కొనిచ్చిన గుర్తు లేదు గానీ ఒక ఆట గుర్తుంది. గట్టి రాగితీగని ఆయన జానెడు ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్నాడు, ఎరుపు, పచ్చ, నీలం తొడుగులతో సహా. వాటిని గుప్పెట్లో బల్ల మీద నిలబెట్టి వదిలేసేవాడు. చెల్లాచెదురుగా పడిన కుప్పలోంచి, పక్కది కదలకుండా, ఒక్కొక్క పుల్లే తియ్యాలి. కదిలితే వంతు అవతలివాళ్ళది. ఆయన వేళ్ళు ఆ కుప్పలోకి వెళ్ళి వస్తుంటే గాలికి కూడా తెలిసేది కాదు. ఆమె చెయ్యి పెడితే మొత్తం కుప్ప గలగలమనేది. రోజూ ఆయనే గెలిచేవాడు. ఆమె రోజూ ఏడ్చేది.

“పసిదాన్ని ఏడిపించకపోతే ఒక్కసారి ఓడిపోరాదూ? నీ సొమ్మేం పోయింది?” అని తల్లి కోప్పడేది.

“ఊరికే ఇచ్చిన గెలుపు దేనికి పనికొస్తుందే? రేపు బయట దీనికి ఎవడిస్తాడు?” అనేవాడు ఆయన, ఇంకో పుల్ల తీస్తూ.

ఏళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె నిజంగా గెలిచింది. ఆయన కొట్టు తలుపు సగం దించి, కూతుర్ని వెంటబెట్టుకుని ఆ వీధిలో కనబడ్డవాళ్ళకల్లా చెప్పాడు. “మా అమ్మాయి నన్ను ఓడించింది. నేను వదిలిపెట్టలేదు సుమా, అదే గెలిచింది.” ఆ మాట ఆమె మనసులో శిలాక్షరమైపోయింది. ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తే అనుమానంగా చూసే అలవాటు కూడా ఆమెకి అక్కడే అయింది.

తర్వాత కాలం మారింది. మూత విప్పి బాగుచేసుకునే వస్తువులు పోయి, పాడైతే పారేసే వస్తువులు వచ్చాయి. మెట్ల కింద కొట్టులో ఫోన్ల తొడుగులు అమ్మేవాడు చేరాడు. భార్య పోయింది. ఆయన ఒక పెట్టెడు పనిముట్లతో కూతురింటికి వచ్చాడు. అప్పటికి కూతురు ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పనిలో ఉంది. పొద్దున్నే వరసలో కూర్చున్నవాళ్ళ చేతులు ఒక్కొక్కటే పట్టుకోవడం, వేలు నొక్కడం, సూది గుచ్చడం. అల్లుడు దూరపు బస్సులు నడిపేవాడు, ఇంటికి చుట్టంలా వచ్చేవాడు. వాళ్ళకి పుట్టిన ఆడపిల్లని చూసుకోవడమే ముసలాయన ఉద్యోగం.

పిల్లకి ఆయనే పిడుగు అని పేరు పెట్టాడు. ఒక చోట నిలవదు, నిలిచిన చోట ఏదో ఒకటి పగులుతుంది. నాలుగో ఏడు వచ్చేసరికి దానికి ఇంట్లో పడి ఉన్న పాత ఫోను చేతికొచ్చింది. ఆ ఫోన్లో ఆట పెట్టింది కూతురే. పాలు తాగేదాకా కుదురుగా కూర్చుంటుందని పెట్టింది. తెరకి చెరో సగంలో చెరో కుందేలు పరిగెడుతుంది. దారిలో దుంగలు వస్తాయి. తెర మీద వేలు తాకిస్తే కుందేలు ఎగురుతుంది. ముందు చేరినదానికి కిరీటం పెట్టి బాకా ఊదుతారు. వెనకపడ్డ కుందేలు చతికిలబడి కళ్ళు నులుముకుంటూ ఏడుస్తుంది.

“తాతా, నీ కుందేలు ఏడుస్తోంది.”

“ఏడవనీవే. దాని ఖర్మ.”

“మళ్ళీ ఆడదామా?”

“నీకు గెలిచి గెలిచి విసుగు రాదుటే?”

“రాదు. నీకు ఓడి ఓడి విసుగొస్తోందా?”

“నాకా? నాకు మహ సరదాగా ఉంది.”

మధ్యలో ఒకసారి ఆయన పెట్టె తెరిచి రాగితీగ పుల్లలు తీశాడు. పిడుగు కాసేపు చూసి, “దీనికి బాకా ఏదీ?” అంది. పుల్లలు మళ్ళీ పెట్టెలోకి పోయాయి.

వాళ్ళిద్దరి సరదా మెల్లగా ఇల్లంతా పాకింది. లిఫ్టు మీట ముందు పిడుగే నొక్కాలి, వేరేవాళ్ళు నొక్కితే కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి. పాలు ముందు తనే తాగాలి. తల్లి తనకంటే ముందు చెప్పులు వేసుకుంటే విప్పేదాకా ఊరుకోదు. తండ్రి డ్యూటీ దిగి వచ్చి, కళ్ళు మూతలుపడుతూ మంచమెక్కితే, “నేనే ముందు నిద్రపోతా” అని పోటీకి దిగి ఆయన్ని నిద్రపోనిచ్చేది కాదు. “దీన్ని ఎన్నికల్లో నిలబెడదాం” అని ఆయన నవ్వేవాడు. ఆయనకేం, ఇంట్లో ఉండేది అప్పుడప్పుడు.

చిన్నపిల్లల బడిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. పిడుగు బొమ్మలో రంగు ముందుగా నింపేసి, ఇంకా నింపుతున్నవాళ్ళ కాగితాలు లాగేసేది. వరసలో ముందున్నవాళ్ళని పక్కకి నెట్టేది. ఎవరన్నా ఏడిస్తే దగ్గరికి వెళ్ళి, వేలు చూపించి, “కుందేలు ఏడుస్తోంది” అనేది. ఒకరోజు తను ఓడిపోయిన కుర్చీలాటలో కుర్చీనే ఎత్తి విసిరింది. టీచరమ్మ తల్లిని పిలిపించింది.

“ఏమీ అనుకోకండి. మీ పిల్ల తెలివైనదే.”

“తెలివైనదని చెప్పడానికి పిలిపించరు కదండీ.”

టీచరమ్మ నవ్వబోయి ఆగింది. “ఇంట్లో ఎవరితో ఆడుతుంది?”

“మా నాన్నతో. ఫోన్లో.”

“ఎవరు గెలుస్తుంటారు?”

“అదే.”

“ఎప్పుడూనా?”

“ఎప్పుడూ.”

“అదండీ సంగతి. తాతగారు ముద్దు కొద్దీ ఓడిపోతున్నారు. ఇక్కడి పిల్లలు ముద్దు కొద్దీ ఓడిపోరు కదా. దానికేమో ఓడిపోవడమంటే ఏమిటో తెలీదు. ఇంట్లో అప్పుడప్పుడు తాతగారు గెలిస్తే, ఏడుస్తుంది, కాసేపటికి ఊరుకుంటుంది. ఊరుకోవడం అలవాటవుతుంది. ఫోను లాక్కుంటే మాత్రం పంతం పెరుగుతుంది, ఆ పని చెయ్యకండి.”

బస్సులో నిలబడి ఇంటికి వస్తున్నంతసేపూ కూతురి చెవుల్లో ఒకటే మాట జోరీగలా తిరిగింది. ముద్దు కొద్దీ. ఆ మాటకి పిల్ల మీద బెంగ కంటే వేరే ఏదో లోపల కలుక్కుమంది. తన తండ్రి ముద్దు కొద్దీ ఓడిపోవడం ఆమె జన్మలో చూడలేదు. అలా ఓడిపోగల మనిషని కూడా తెలీదు.

ఇంటికొచ్చి విషయమంతా చెప్పింది. ఆయన బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు, చెయ్యి ఆపకుండా విన్నాడు.

“అయితే నన్ను గెలవమంటావు.”

“నీకదేమన్నా కొత్తా నాన్నా? నన్ను గెలిచినట్టే గెలువు.”

“సరే” అన్నాడు.

ఆయన గెలవలేదు. ఆమె రోజూ డ్యూటీ నుంచి రాగానే అడిగేది. “ఇవాళ?” “ఇవాళా అదే.” “మరి నువ్వేం చేస్తున్నావు?” “ఆడుతున్నాను తల్లీ.” “అది ఆడటం కాదు నాన్నా, నాటకం ఆడటం.” ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకునేవాడు.

అలా ఉండగా పిడుగు బడిలో జారుడుబండ మెట్ల మీంచి ఒక పిల్లాణ్ణి తోసింది. వాడు పైమెట్టు దాకా తనకంటే ముందు చేరాడు, అదే వాడు చేసిన తప్పు. గడ్డం చీలిపోయి కుట్లు పడ్డాయి. వాణ్ణి తీసుకొచ్చింది కూతురు పనిచేసే ఆసుపత్రికే. పిల్లాడి తల్లి ఆమెని అక్కడ తెల్లకోటులో చూసి, ఎవరో తెలుసుకుని, “మీరు ఇక్కడ ఊళ్ళోవాళ్ళకి సూదులు గుచ్చుతుంటారా? ఇంట్లో కన్నదానికి కాస్త బుద్ధి గుచ్చండమ్మా” అంది. వరసలో కూర్చున్నవాళ్ళందరూ విన్నారు. ఆమె తల వంచుకుని వరసలో తర్వాతివాళ్ళ చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం టీచరమ్మ ఈసారి నవ్వబోలేదు కూడా. ఇంకోసారి ఇలా జరిగితే పిల్లని వేరే చోట చూసుకోమంది.

ఆ వచ్చిన సెలవురోజు కూతురు ఫోను తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. పిడుగుని ఒక కుర్చీలో, తండ్రిని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది.

“నా కళ్ళముందు ఆడు నాన్నా. గెలువు.”

“ఇప్పుడెందుకమ్మా, అది తిండన్నా తినలేదు.”

“తింటుందిలే. ఆడు.”

బాకా మోగింది, కుందేళ్ళు బయల్దేరాయి. మొదటి దుంగ వచ్చింది. పిడుగు కుందేలు ఎగిరింది. ఆయన కుందేలు నేరుగా పోయి గుద్దుకుంది. రెండో దుంగా అంతే. పసిపిల్ల దాటుతున్న దుంగలు. ఇంకా ముందుకి పోయి ఒకదాన్ని ఎలాగో దాటింది, తర్వాతదాని దగ్గర మళ్ళీ ముక్కు పగలగొట్టుకుంది. ఆయన కుందేలు చతికిలబడి కళ్ళు నులుముకుంది. ఆ రోజు పిడుగు ఎందుకో కేకలు పెట్టలేదు. తాత మొహం చూసింది, తల్లి మొహం చూసింది, మెల్లగా కుర్చీ దిగి పక్క గదిలోకి పోయింది.

కూతురికి కన్నీళ్ళు ఆగలేదు.

“నాకెప్పుడన్నా ఒక్క పుల్ల వదిలావా నాన్నా?”

ఆయన ఫోనుని బల్ల మధ్యకి జరిపాడు.

“ఒక్క పుల్ల. నేను దీనంత ఉన్నప్పుడు. అమ్మ ఎంత బతిమాలినా వదల్లేదు. ఊరికే ఇచ్చిన గెలుపు ఎందుకూ పనికిరాదన్నావు. ఇప్పుడు చూడు, దీన్ని బడిలోంచి గెంటేస్తామంటున్నారు, ఎవరి పిల్లాడిదో గడ్డం పగిలింది, అయినా నీకు చెయ్యి రాదు. దీని మీద అంత ప్రేమా? లేకపోతే నా మీద కక్షా?”

“కక్షేమిటే పిచ్చిదానా.”

“మరేమిటి?”

ఆయన చేతులు రెండూ బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ముసలాణ్ణయ్యాను కదమ్మా” అన్నాడు చివరికి. “మెత్తబడిపోయాను. అంతే.”

ఆ జవాబు ఆమె సరిగ్గా అనుకున్నదే. అనుకున్నది విన్నాక ఇంక ఆలోచించాల్సిందేమీ మిగల్లేదు. భర్తకి ఫోన్ చేస్తే, “ఆయనకి పిల్ల తప్ప ఇంకేముంది, కాస్త చూసి చెయ్యి” అన్నాడు. “నాకు మాత్రం పిల్ల కాక ఇంకేముంది?” అంది.

పొద్దున్న తీసుకెళ్ళి సాయంత్రం దింపే చోటు ఒకటి వెతికింది. ఫోన్లుండవు, టీవీ ఉండదు, గెలిచే ఓడే ఆటలు అసలుండవని అక్కడివాళ్ళు చెప్పారు. అన్నీ మాట్లాడుకుని ఆమె ఇంటికొచ్చేసరికి తాతా మనవరాలూ గుమ్మంలోనే ఉన్నారు. వాళ్ళు నోరు విప్పకముందే, చెప్పులన్నా విప్పకముందే, తనే చెప్పేసింది. ఆలస్యమైతే గుండె జారిపోతుందని భయపడి, నిలబడి గబగబా అప్పజెప్పినట్టు చెప్పింది. రేపట్నుంచి పిల్ల పగలంతా అక్కడే. ఫోను బీరువాలోకి. ఇంట్లో ఇంక ఏ ఆటా వద్దు.

“సరే” అన్నాడు ఆయన. “పొద్దున్న ఎన్నింటికి తయారుచెయ్యాలి?” అని అడిగాడు.

మర్నాటి నుంచి ఆయన పిల్లకి జడ వేసి, నీళ్ళసీసా నింపి, వ్యాను దాకా దింపి వచ్చేవాడు. ఆ తర్వాత పగలంతా ఇల్లు బావురుమనేది. ఏదో ఒకటి బాగుచేస్తూ కూర్చునేవాడు. ఫ్యాను కిర్రుమనడం మానేసింది, ఇస్త్రీపెట్టె తీగ కొత్తదైంది, ఏ తలుపూ చప్పుడు చెయ్యకుండా మూసుకుంది. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో పాడైనది ఏదీ మిగల్లేదు. ఎదురింటావిడ మెట్ల దగ్గర కనబడి, “మా ఇంట్లో కూడా ఏదన్నా పాడైతే బావుండును బాబాయిగారూ, మీకు కాలక్షేపమవుతుంది” అంది. “పాడు చేసి పంపించమ్మా” అన్నాడు. ఆయన వేసిన ఛలోక్తుల్లో అదే ఆఖరిది, కనీసం ఎవరికైనా గుర్తున్నంతవరకు.

పిడుగు మారిపోయింది. కొత్త చోట అందరూ మెచ్చుకున్నారు. “ఎంత బుద్ధిమంతురాలో. దేనికీ ముందుకి రాదు, ఎవరి జోలికీ పోదు” అన్నారు. లిఫ్టు మీట ఎవరు నొక్కినా ఊరుకునేది. పాలు చల్లారిపోయేదాకా ముందు పెట్టుకుని కూర్చునేది. తండ్రి ఒకసారి వచ్చినప్పుడు కావాలని, “ఎవరు ముందు నిద్రపోతారో చూద్దామా?” అన్నాడు. “నువ్వే ముందు నాన్నా” అని అటు తిరిగి పడుకుంది. అల్లుడు భార్య వైపు చూశాడు.

“ఏంటలా చూస్తావు? మనం కోరుకున్నదే కదా” అంది ఆమె.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లోంచి విన్నది. ముసలాయన పెట్టె తెరిచిన చప్పుడు, పుల్లలు బల్ల మీద పడిన చప్పుడు.

“రావే పిడుగూ, ఒక్క ఆట.”

“వద్దు తాతా.”

“బాకా నేను ఊదుతాలేవే, నోటితో.”

“గెలిచే ఆటలు ఆడకూడదు. మా టీచర్ చెప్పింది.”

“పోనీ గెలవద్దులే. ఊరికే తీద్దాం.”

“ఊరికే ఎందుకు తీయడం?” అంది పిల్ల. ఆ గొంతులో పెంకితనం లేదు, నిజంగానే తెలియక అడిగింది. పుల్లలు ఒక్కొక్కటే ఏరుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఆమెకి బయటికి వెళ్ళి ఇద్దర్నీ దగ్గరికి తీసుకోవాలనిపించింది. పొయ్యి మీద ఏదో ఉందని తనకి తనే చెప్పుకుని ఆగిపోయింది.

అలాగే చలికాలం వెళ్ళిపోయింది. తండ్రీకూతుళ్ళు టీ గురించి, బట్టల గురించి, వ్యాను ఆలస్యం గురించి మాట్లాడుకున్నారు. వాన వచ్చేలా ఉన్న ఆ రోజు ఆయన బట్టలు మడతపెట్టి పడుకున్నాడు.

తాత పోయినప్పుడు పిడుగు ఏడవలేదు. వచ్చినవాళ్ళు పసిదానికి తెలియదులే అన్నారు. తల్లికి అంతకంటే భయం వేసింది. ఈ పిల్లకి ఏడుపు కూడా మానిపించేశానా అనుకుంది. రాత్రుళ్ళు పక్కలో పడుకున్న దాని వీపు నిమురుతూ, అది కిరీటం కోసం మంకుపట్టు పట్టి గొంతు చించుకున్న రోజుల్ని తలుచుకునేది. ఆ రోజులు ఎంత బావున్నాయో అప్పుడు తెలిసింది.

నెల గడిచాక ఒక ఆదివారం, వేరే ఏదో వెతుకుతుంటే బీరువాలో పాత ఫోను చేతికి తగిలింది. ఎవరికైనా ఇచ్చేద్దామని చార్జింగ్ పెట్టి, సోఫాలో కూర్చుని తెరిచింది. కుందేళ్ళు రెండూ అలాగే ఉన్నాయి. పిడుగు దూరం నుంచి చూస్తోంది, దగ్గరికి రావడం లేదు.

“ఆడదామా?” అంది తల్లి.

“ఆడకూడదుగా.”

“నేను చెప్తున్నా కదా. ఒక్కసారి. అమ్మ కోసం.”

పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గ్లాసులో కాసిన్ని నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. తల్లి చెయ్యి తీసుకుని, చూపుడువేలు పట్టుకుని, ఆ నీళ్ళలో ముంచింది.

“ఇదేంటే?”

“తడి చెయ్యాలి. లేకపోతే కుందేలు ఎగరదు.”

“ఎందుకెగరదు? చూడు.” ఆమె రెండో చేతి వేలు తెరకి తాకించింది. కుందేలు చక్కగా ఎగిరింది.

పిడుగు ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “నీ వేలు మెత్తగా ఉంది” అంది. “తాతవి గట్టిగా ఉండేవి, చెక్కలా. ఆ వేడి కడ్డీ పట్టుకుని పట్టుకుని అలా అయిపోయాయంట. తాత ఎంత నొక్కినా ఫోనుకి తెలీదు. నీళ్ళు పెడితే కొంచెం తెలుస్తుంది. మళ్ళీ ఆరిపోతుంది. నేను మళ్ళీ పెట్టేదాన్ని.”

తల్లి తన తడి వేలి వంక చూసుకుంది. “నాకెందుకు చెప్పలేదు నువ్వు?”

“అమ్మకి చెప్పొద్దు, నవ్వుతుంది అన్నాడు.”

బల్ల మీద ఫోను తెర ఆరిపోయింది. పిల్ల గ్లాసులో వేలు ముంచి, ఊరికే నీళ్ళు కదుపుతూ ఉంది.

“ఒకసారి తాత గెలిచాడు తెలుసా” అంది.

“ఎప్పుడు?”

“నువ్వు కొత్త బడికి పంపిస్తానన్నావే, ఆ రోజు. చాలా నీళ్ళు పెట్టాను. బాకా తాతకి ఊదారు.”

“మరి నువ్వు ఏడ్చావా?”

“కొంచెం. తర్వాత ఊరుకున్నా. నువ్వు రాగానే తనే చెప్తానని తాత నన్ను గుమ్మంలోకి తీసుకొచ్చాడు.”